పంచదార తక్కువైనా ఆకారం నిలిచే వెనిలా ఫ్రాస్టింగ్

ఇంట్లో కేకు చేసుకునేటప్పుడు కేకులో పంచదార ఎంత వేయాలన్నది మన చేతిలోనే ఉంటుంది. పైన పూసే క్రీము దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టు జారిపోతుంది. మామూలు బటర్ క్రీముకి వెన్న ఎంతో దానికి రెట్టింపు ఐసింగ్ షుగర్ పడుతుంది. 200 గ్రాముల వెన్న, 400 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు టేబుల్ స్పూన్ల పాలు. అంతా కలిపితే వచ్చే 630 గ్రాముల్లో 63 శాతం పంచదారే. ఒక కప్ కేకు మీద 40 గ్రాముల క్రీము పెట్టారనుకోండి, అందులోనే 25 గ్రాముల పంచదార ఉంటుంది. పెద్దవాళ్లు రోజు మొత్తంలో ఇంతకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మోతాదు అదే. పిల్లలు పైన క్రీము నాకేసి కింద కేకు వదిలేస్తారు కాబట్టి ఈ లెక్క ఇంకా ముఖ్యం.

ఐసింగ్ షుగర్ సగానికి తగ్గించేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. అలా చేస్తే నోట్లో వెన్న ముద్ద పెట్టుకున్నట్టే ఉంటుంది, అంగిలికి జిడ్డు అంటుకుంటుంది, నాజిల్‌తో వేసిన పువ్వు పది నిమిషాల్లో చదునైపోతుంది. కారణం ఏమిటంటే, బటర్ క్రీములో పంచదార చేసే పనుల్లో తీపి ఒకటి మాత్రమే. ఆ సన్నటి పొడి వెన్న మధ్యలో సర్దుకుని గట్టిదనాన్ని ఇస్తుంది. పాలలోనూ వెన్నలోనూ ఉన్న నీటిని పట్టి ఉంచుతుంది. క్రీము తొందరగా పాడవకుండా కాపాడుతుంది. ఈ పనులు చేయడానికి ఇంకొక పదార్థాన్ని పెట్టకుండా పంచదారను తీసేస్తే క్రీము కూలిపోక ఏం చేస్తుంది?

ఆ ఇంకొక పదార్థం మన వంటింట్లోనే ఉంది: పాలల్లో ఉడికించిన మైదా. మైదాలోని పిండిపదార్థం వేడికి ఉబ్బి నీటిని తనలో బంధిస్తుంది. ఆ ముద్దని చల్లార్చి, గిలక్కొట్టిన వెన్నలో కలిపితే నిలబడే బాధ్యతంతా ముద్ద తీసుకుంటుంది. పంచదార తీపి కోసమే మిగులుతుంది, అందుకే దాన్ని బాగా తగ్గించవచ్చు. అమెరికాలో రెడ్ వెల్వెట్ కేకు మీద ఒకప్పుడు ఈ పద్ధతి ఫ్రాస్టింగే వేసేవారు. దీన్ని ఎర్మైన్ ఫ్రాస్టింగ్ అంటారు. అక్కడి కొలతల్లో కూడా పంచదార ఎక్కువే, వెన్న ఎంతో దాదాపు అంత ఉంటుంది. కింద ఇచ్చిన కొలతలో అది వెన్నలో సగం కంటే తక్కువ. గుడ్డు అవసరం లేకపోవడం ఇంకో మంచి సంగతి. స్విస్, ఇటాలియన్ బటర్ క్రీముల్లో గుడ్డు తెల్లసొన తప్పనిసరి కాబట్టి శాకాహారుల ఇళ్లలో అవి కుదరవు, ఇది కుదురుతుంది.

కొలతలు

6 అంగుళాల రెండు పొరల కేకుకి గానీ, 12 కప్ కేకులకి గానీ సరిపోతుంది. సుమారు 525 గ్రాములు వస్తుంది.

ఉప్పు లేని వెన్న – 200 గ్రాములు
పాలు – 220 మిల్లీలీటర్లు
పంచదార – 90 గ్రాములు (సమంగా గీసిన 7 టేబుల్ స్పూన్లు)
మైదా – 32 గ్రాములు (సమంగా గీసిన 4 టేబుల్ స్పూన్లు)
వెనిలా ఎసెన్స్ – ఒకటిన్నర టీస్పూను
ఉప్పు – చిటికెడు

తూనిక ఉంటే తూచే వేయండి. ఇంట్లో చెంచాలు తలా ఒక సైజు. మైదా ఐదారు గ్రాములు అటూ ఇటూ అయినా ముద్ద చిక్కదనం మారిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి వెన్న రెండు స్టిక్కులంటే 226 గ్రాములు. దానికి పాలు ఒక కప్పు పైన ఒక టేబుల్ స్పూను, పంచదార 100 గ్రాములు, మైదాకి బదులు ఆల్ పర్పస్ ఫ్లోర్ 36 గ్రాములు తీసుకుంటే సరిపోతుంది.

ఈ లెక్కన పంచదార మొత్తం బరువులో 17 శాతం. 40 గ్రాముల క్రీములో 7 గ్రాముల లోపే. వెన్న మాత్రం తగ్గలేదని గుర్తుంచుకోండి. అదే 40 గ్రాముల్లో 15 గ్రాముల వెన్న ఉంటుంది, మామూలు బటర్ క్రీము కంటే ఓ రెండు గ్రాములు ఎక్కువే. కాబట్టి ఇది పంచదార తగ్గించిన క్రీము, బరువు తగ్గించే క్రీము కాదు. షుగర్ ఉన్నవాళ్లు మైదాని, పాలలో సహజంగా ఉండే తీపిని కూడా లెక్కలో వేసుకోవాలి.

వెన్న విషయంలో రాజీ పడొద్దు. బ్రెడ్డుకి రాసుకునే పసుపుపచ్చ టేబుల్ బటర్‌లో ఉప్పు 3 శాతం వరకు ఉండొచ్చు. 200 గ్రాములకి అది దాదాపు ఒక టీస్పూను ఉప్పు. మామూలు బటర్ క్రీములో బోలెడు పంచదార ఆ ఉప్పుని కొంత కప్పేస్తుంది, ఇక్కడ కప్పడానికి ఏమీ ఉండదు. కొన్నింట్లో జాఫ్రా రంగు కూడా కలుపుతారు కాబట్టి క్రీము ఎంత గిలక్కొట్టినా పచ్చగానే ఉంటుంది. ప్యాకెట్ మీద అన్‌సాల్టెడ్ అని ఉన్నదే కొనండి. మజ్జిగ చిలికి తీసిన ఇంటి వెన్న రుచికి ఎంత గొప్పదైనా ఈ పనికి రాదు. దానిలో నీరు ఎక్కువ, ఎంత ఉంటుందో ఒకసారికీ ఇంకోసారికీ పొంతన ఉండదు, పులుపు వాసన వెనిలాని మింగేస్తుంది.

పాలు ఫుల్ క్రీమ్ అయినా టోన్డ్ అయినా పనిచేస్తాయి. నాకైతే 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ పాలే ఇష్టం, తీపి తగ్గినప్పుడు ఆ పాల కమ్మదనం రుచికి అండగా నిలుస్తుంది. కాచి చల్లార్చిన పాలైతే మీగడంతా తీసేసి వడకట్టండి. మీగడ తరకలు ముద్దలో కరగవు, నాజిల్‌లో అడ్డం పడతాయి.

పంచదార మామూలు గింజల పంచదారే. ఐసింగ్ షుగర్ కొనక్కర్లేదు, మిక్సీ పట్టక్కర్లేదు. వేడి పాలలో పూర్తిగా కరిగిపోతుంది కాబట్టి నాలుకకి ఒక్క రేణువు కూడా తగలదు. మిక్సీలో పట్టిన పంచదారతో బటర్ క్రీము చేసినప్పుడు పళ్ల కింద కరకరలాడుతుందే, ఆ బాధ ఇందులో లేదు. కొంతమంది మైదా, పాలు మాత్రమే ఉడికించి పంచదారని వెన్నతో గిలక్కొడతారు. ఆ పద్ధతి నేను చెప్పను, గింజ మిగిలే ప్రమాదం అందులోనే ఉంది.

ముద్ద ఉడికించడం

అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నె తీసుకుని ముందుగా ఖాళీ గిన్నె బరువు చూసి రాసిపెట్టుకోండి. ఎందుకో చెప్తాను.

స్టవ్ వెలిగించకముందే మైదా, పంచదార పొడిగా కలపండి. పంచదార గింజలు మైదాని విడదీస్తాయి కాబట్టి పాలు పోసినప్పుడు ఉండలు కట్టదు. నాలుగు చెంచాల చల్లటి పాలు పోసి ముద్దలా కలిపి, నున్నగా అయ్యాక మిగతా పాలు కొద్దికొద్దిగా పోయండి. పాలన్నీ ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు తేలతాయి, అవి ఉడికే కొద్దీ గట్టిపడతాయే తప్ప విడిపోవు.

మధ్యస్థం కంటే తక్కువ మంట మీద పెట్టి తీగల విస్క్‌తో ఆపకుండా తిప్పండి, ముఖ్యంగా గిన్నె అంచుల్లో. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి అడుగున చిక్కబడటం మొదలవుతుంది, అక్కడి నుంచి చెయ్యి తీయకూడదు. పంచదార ఎక్కువ వేసే కొలతల్లో కంటే ఇక్కడ ముద్ద తొందరగా చిక్కబడుతుంది, ఎందుకంటే పంచదార కూడా నీటిని లాక్కుంటుంది; అది తక్కువుంటే పిండికి నీరు త్వరగా అందుతుంది. మైదా 32 గ్రాములకి మించి వేయొద్దనడానికి కారణం ఇదే.

బుడబుడమని మందంగా బుడగలు పగలడం మొదలయ్యాక మంట బాగా తగ్గించి ఇంకో రెండు నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. చిక్కబడిపోయింది కదా అని ఇక్కడ దింపేసేవాళ్లే ఎక్కువ. చిక్కబడటం ముందే అయిపోతుంది, పచ్చి పిండి వాసన పోవడానికి మాత్రం ఈ రెండు నిమిషాలూ కావాలి. వెన్నతో కలిపేశాక ఆ వాసన తీయడానికి దారి లేదు. ముద్ద గట్టి ఇడ్లీ పిండిలా ఉండాలి, విస్క్‌తో అడుగున గీత గీస్తే రెండు మూడు సెకన్ల పాటు గిన్నె అడుగు కనిపించాలి.

ఇప్పుడు గిన్నెతో సహా తూచి ఖాళీ గిన్నె బరువు తీసేయండి. ముద్ద 315 నుంచి 325 గ్రాముల మధ్య ఉండాలి. 335 దాటితే నీరు ఇంకా ఎక్కువుంది, మరో నిమిషం తిప్పండి. 300కి పడిపోతే గోరువెచ్చటి పాలు రెండు చెంచాలు కలపండి. కంటి అంచనా తప్పొచ్చు, తూనిక తప్పదు.

చిన్న ఉండలు ఉన్నాయని అనుమానం వస్తే వేడిగా ఉండగానే సన్నటి జల్లెడలో గరిటెతో నొక్కి వడకట్టండి. చల్లారాక వడకట్టడం కుదరదు. ఉప్పు ఇప్పుడే కలిపేయండి. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి, ముద్దకి పూర్తిగా అంటుకునేలా పైన ప్లాస్టిక్ ఫిల్మ్ వేయండి. మధ్యలో గాలి ఉంటే పైన తొక్క కడుతుంది, ఆ తొక్క తర్వాత తునకలు తునకలుగా క్రీములో తేలుతుంది.

చల్లదనం లెక్క

ఈ ఫ్రాస్టింగ్ కుదరడమూ కుదరకపోవడమూ నూటికి తొంభై పాళ్లు ఇక్కడే తేలిపోతుంది. వెన్న, ముద్ద రెండూ ఇంచుమించు ఒకే చల్లదనంలో ఉండాలి. వెన్నకి 19 నుంచి 21 డిగ్రీలు, ముద్దకి 22 నుంచి 24 డిగ్రీలు.

రెసిపీల్లో వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలని రాస్తారు. అది 20, 22 డిగ్రీల గదులున్న దేశాల మాట. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో ఆ మాట నమ్మి వెన్న బయట పెడితే అరగంటలో కారిపోతుంది. వెన్న 28 డిగ్రీల దగ్గరే బాగా మెత్తబడి గాలిని పట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది, 32 నుంచి 35 మధ్య పూర్తిగా కరుగుతుంది. కాబట్టి ఎండాకాలం ఫ్రిజ్ నుంచి తీసి చిన్న ముక్కలు కోసి పది పన్నెండు నిమిషాలు ఆగితే చాలు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె అంటకూడదు, వేలు లోపలికి దిగిపోకూడదు. చలికాలంలో అదే పని జరగడానికి ఓ గంట పట్టొచ్చు.

ముద్దని మామూలుగా వదిలేస్తే చల్లారడానికి గంటన్నర పడుతుంది. తొందరైతే ఫ్రిజ్‌లో అరగంట. కానీ ఫ్రిజ్‌లో మరిచిపోయి గట్టిపడిపోతే అలాగే వాడొద్దు, బయట పెట్టి చలి విడిచాక విస్క్‌తో ఒకసారి నున్నగా గిలక్కొట్టుకోండి. థర్మామీటర్ లేకపోతే కొద్దిగా ముద్ద తీసి మణికట్టు లోపలి వైపు పెట్టుకోండి. వెచ్చగా అనిపించకూడదు, జిల్లుమనకూడదు. కొద్దిగా చల్లగా తెలిస్తే అదే సరైన సమయం.

గది 30 డిగ్రీలు దాటి ఉంటే ఏసీ 24లో పెట్టుకుని అక్కడే చేయండి. లేదంటే పొద్దున్నే ఎండ ఎక్కకముందు పని ముగించండి. కింద ఒక పళ్లెంలో ఐసు నీళ్లు పెట్టుకుని, క్రీము మెత్తబడినట్టు అనిపించినప్పుడల్లా గిన్నెని అందులో అర నిమిషం ఉంచి తీస్తే పని నడుస్తుంది. స్టీలు గిన్నె అయితే చలి తొందరగా అందుతుంది, ప్లాస్టిక్ గిన్నెకి అందదు.

గిలక్కొట్టడం

ముందు వెన్న ఒక్కటే. హ్యాండ్ బీటర్‌తో మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ వేగంలో నాలుగైదు నిమిషాలు, రంగు తెల్లబారి పొంగినట్టు అయ్యేదాకా. మధ్యమధ్యలో అంచులకి అంటిన వెన్నని స్పాచులాతో లోపలికి తోయండి. తర్వాత ముద్దని ఒక్కో చెంచా వేస్తూ, వేసిన ప్రతిసారీ 15, 20 సెకన్లు గిలక్కొట్టండి. అంతా ఒకేసారి వేస్తే వెన్న, నీరు కలవకుండా విడిపోతాయి. ముద్దంతా పట్టాక వెనిలా వేసి ఇంకో రెండు మూడు నిమిషాలు. చివర ఒక నిమిషం బీటర్‌ని అన్నిటికంటే తక్కువ వేగంలో తిప్పితే పెద్ద గాలి బుడగలు పోయి క్రీము పట్టులా నున్నగా వస్తుంది.

బీటర్ లేకపోతే విస్క్‌తో చేయొచ్చు, ఇరవై నిమిషాలు చెయ్యి నొప్పి పెట్టేలా కొట్టాలి. మిక్సీ జారు మాత్రం వద్దు. బ్లేడ్ల రాపిడికి వెన్న వేడెక్కుతుంది, గాలి లోపలికి చేరదు, చివరికి వెన్న పాకమే మిగులుతుంది.

తేడా వస్తే

క్రీము జారుగా, గంజిలా ఉంటే వెచ్చదనం ఎక్కువైంది. ఐసింగ్ షుగర్ వేసి గట్టిపరచాలని చూడకండి, అది తగ్గించడానికే కదా ఇంత పాటు. గిన్నెతో సహా పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ గిలక్కొట్టండి, తొంభై పాళ్లు సర్దుకుంటుంది.

పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా, కింద నీరు చేరి కనిపిస్తే చలి ఎక్కువైంది. చూడగానే పాడైందని పారేసేలా ఉంటుంది గానీ ఇది సులువుగా బాగయ్యే తేడా. అందులోంచి రెండు టేబుల్ స్పూన్లు తీసి గోరువెచ్చగా కరిగేదాకా వేడిచేసి, తిరిగి గిన్నెలో పోస్తూ బీటర్ తిప్పండి. రెండు నిమిషాల్లో కలిసిపోతుంది. అప్పటికీ కాకపోతే గిన్నె అడుగుని వేడి నీళ్ల మీద ఐదు సెకన్లు చూపించి మళ్లీ కొట్టండి. ఐదు అంటే ఐదే.

చలీ వేడీ సరిగానే ఉండి కూడా క్రీము బరువుగా, జిడ్డుగా అనిపిస్తే మొదట్లో వెన్నని చాలినంత కొట్టలేదన్నమాట. మరో నాలుగు నిమిషాలు కొట్టి చూడండి.

తీపి ఇంకా తగ్గించాలంటే

పంచదార 70 గ్రాములకి దించొచ్చు, కింద కేకు తీపిగా ఉంటే ఎవరికీ తేడా తెలియదు. 60 కంటే కిందకి దిగితే తినేది క్రీములా కాక వెన్న కలిపిన వైట్ సాస్‌లా అనిపించడం మొదలవుతుంది. తగ్గించేటప్పుడు చిటికెడు ఉప్పు మానొద్దు, వెనిలా ఇంకో అర టీస్పూను పెంచండి. వెనిలా వాసనకే నాలుక సగం తీపిని ఊహించుకుంటుంది. వేడి ముద్దలో మాత్రం ఎసెన్స్ వేయకండి, సువాసన ఆవిరైపోతుంది.

బెల్లం వేస్తే ఆరోగ్యం కదా అని అడుగుతారు. బెల్లంలోనూ ఉండేది ఎక్కువ భాగం పంచదారే, కాబట్టి దాంతో తీపి తగ్గినట్టు కాదు. పైగా పాలతో కలిపి కాస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది, రంగు మారుతుంది, వెనిలా రుచి దాని వెనక దాక్కుంటుంది. తేనె సంగతీ అంతే, పైగా ముద్దని పలచన చేస్తుంది. పంచదారకి బదులు వాడే ఎరిత్రిటాల్ అనే తీపి పొడి వేడిలో కరిగినా చల్లారాక మళ్లీ గింజ కడుతుంది, నోట్లో పిప్పర్‌మెంటు తిన్నట్టు చలవ వదులుతుంది. స్టీవియా ఆకు నుంచి తీసిన తీపి పొడిని సగం పంచదారకి బదులుగా వాడొచ్చు, ఎందుకంటే ఆకారం పంచదార మీద ఆధారపడటం లేదు. కొద్దిగా ఎక్కువైనా చేదు తగులుతుంది కాబట్టి ముద్ద చల్లారాక రుచి చూస్తూ కలపండి.

కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసే బటర్ క్రీము సులువే గానీ ఆ డబ్బాలో దాదాపు సగం పంచదారే. టెట్రా ప్యాక్‌లో వచ్చే 25 శాతం ఫ్రెష్ క్రీము ఎంత కొట్టినా గట్టిగా నిలవదు, కనీసం 30 శాతం పైన కొవ్వు ఉండాలి. బేకరీల్లో వాడే పాలు లేని విప్పింగ్ క్రీములో పంచదార ముందే కలిపి ఉంటుంది, దాన్ని తగ్గించే అవకాశం మనకి లేదు.

పూయడం, దాచడం

కేకు పూర్తిగా చల్లారాకే పూయండి. ముందు పలుచగా ఒక పొర వేసి ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు ఉంచితే కేకు పొడి అంటుకుని గట్టిపడుతుంది, దాని మీద రెండో పొర శుభ్రంగా వస్తుంది. ఈ క్రీముకి పైన ఐసింగ్ షుగర్ క్రీములా పెచ్చు కట్టదు. నక్షత్రం నాజిల్‌తో మెలికలు, గవ్వలు బాగా వస్తాయి. పలుచటి అంచులున్న గులాబీ రేకులు, బరువైన ఫాండెంట్ (పంచదార ముద్ద) బొమ్మలు దీని మీద పెట్టుకోవద్దు. రంగు కావాలంటే జెల్ రంగే వాడండి, నీళ్ల రంగు క్రీముని విడగొడుతుంది.

పంచదార తగ్గితే నిల్వ కూడా తగ్గుతుంది. ఇందులో ఉన్నది ఉడికిన పాల ముద్ద, దాన్ని పాలలాగే చూసుకోవాలి. చల్లటి గదిలో రెండు గంటలు, ఎండాకాలం ఒక గంట, అంతకంటే బయట ఉంచొద్దు. పుట్టినరోజు సాయంత్రం ఆరింటికి కోస్తారనుకుంటే ఐదున్నరకి ఫ్రిజ్ నుంచి తీయండి. ఫ్రిజ్ నుంచి తీసి వెంటనే పెడితే వెన్న గట్టిగా తగిలి తీపి ఇంకా తక్కువగా అనిపిస్తుంది, ఆ అరగంటలో మెత్తబడి రుచి తేలుతుంది. దూరం తీసుకెళ్లాలంటే కేకుని రాత్రంతా ఫ్రిజ్‌లో గట్టిపరచి, అట్టపెట్టెలో పెట్టి, ఏసీ వేసిన కారులో కాళ్ల దగ్గర చదునుగా ఉంచండి.

మిగిలిన క్రీము మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటుంది. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి ముద్ద ఉన్న అరలో పెట్టకండి, వెన్న వాసనల్ని పట్టేస్తుంది. ఫ్రీజర్‌లోది ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, మర్నాడు బయట పెట్టి 21 డిగ్రీలకి వచ్చాక గిలక్కొట్టండి. మొదట్లో నీరు వదిలి పలుకులుగా కనిపిస్తుంది, మూడు నాలుగు నిమిషాలు ఆపకుండా కొడితే మళ్లీ నున్నబడుతుంది.